అవతలివారు పెట్టేసినా అడాప్టర్ లైన్ వదలడం లేదా? విశాఖ ల్యాండ్‌లైన్‌లో డిస్‌కనెక్ట్ టోన్ పట్టుకునే పద్ధతి

ద్వారకానగర్‌లో క్లినిక్ కావచ్చు, హార్బరు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు కావచ్చు, పూర్ణా మార్కెట్లో హోల్‌సేల్ కొట్టు కావచ్చు. ఏళ్ల తరబడి బోర్డు మీద ఉన్న 0891 నంబరును వదులుకోలేక దానికి ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్, అంటే ల్యాండ్‌లైన్‌ను ఇంటర్నెట్ ఫోన్లకు కలిపే చిన్న పెట్టె, తగిలించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తగిలించిన రోజు అంతా బాగుంటుంది. మర్నాటి నుంచి ఒకటే ఫిర్యాదు: "ఎప్పుడు చేసినా మీ ఫోను ఎంగేజే వస్తోందండీ." తీరా చూస్తే ఎవరూ మాట్లాడటం లేదు. పొద్దున కాల్ చేసినవారు పెట్టేసి గంట దాటింది, అడాప్టర్ మాత్రం లైన్ పట్టుకునే ఉంది. వాయిస్ మెయిల్ తెరిస్తే నలభై నిమిషాల పాటు కుయ్... కుయ్... తప్ప ఇంకేమీ లేదు.

మామూలు ఫోనులో ఈ సమస్య రాదు. అవతలివారు పెట్టేస్తే ఎక్స్ఛేంజ్ ఎంగేజ్ టోన్ ఇస్తుంది, మనం విని రిసీవర్ పెట్టేస్తాం. అడాప్టర్‌లో లైన్ తగిలించే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు ఆ పని ఎవరో నేర్పాలి. ఏ మోత వింటే కాల్ అయిపోయిందని అనుకోవాలో అంకెల్లో రాసి ఇవ్వాలి. ఎక్కువ అడాప్టర్లు అమెరికా టోన్ అంకెలతో వస్తాయి. మన లైన్‌లో ఆ టోన్ ఎప్పుడూ మోగదు కాబట్టి అడాప్టర్ ఎదురుచూస్తూనే ఉండిపోతుంది.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఎక్కడో దొరికిన "ఇండియా సెట్టింగ్" తెచ్చి అతికిస్తారు. కుదిరితే సరే, కుదరకపోతే ఎందుకు కుదరలేదో తెలియదు. దేశానికి ఒక టోన్ ఉన్న మాట నిజమే కానీ, అడాప్టర్ చెవిన పడేది మీ గోడ దగ్గరికి వచ్చిన రెండు తీగల్లోని మోత. దాన్ని రికార్డు చేసి, కొలిచి, ఆ అంకెలే రాయాలి. గంటన్నర పని.

ముందు మీటరు పెట్టండి

కాల్ తెగిందని లైన్ మూడు రకాలుగా చెప్పగలదు. ఒకటి, లైన్‌లో కరెంటు క్షణంలో కొంత భాగం పాటు పూర్తిగా ఆగి మళ్లీ వస్తుంది. సెట్టింగుల పేజీల్లో దీన్ని సీపీసీ అనో, కరెంట్ డిస్‌కనెక్ట్ అనో రాస్తారు. రెండు, తీగల్లో ప్లస్ మైనస్ తారుమారవుతుంది, అదే పోలారిటీ రివర్సల్. మూడు, టోన్. మొదటి రెండింటిలో ఏది ఉన్నా మీ అదృష్టమే. అవి టోన్ కంటే త్వరగా పనిచేస్తాయి, మాటల్ని చూసి పొరబడవు. అందుకే టోన్ వేటకు ముందు అవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మామూలు డిజిటల్ మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, రోజెట్ బాక్సులోని (గోడ మీద ఫోను తీగ వచ్చి చేరే చిన్న డబ్బా) రెండు స్క్రూల మీద ఆనించండి. ఫోను పెట్టి ఉన్నప్పుడు రాగి లైన్‌లో 48 వోల్టులకు అటూ ఇటూ కనిపిస్తుంది. ఫైబర్ మోడెం నుంచి వచ్చే లైన్‌లో ఇంకాస్త తక్కువ ఉండొచ్చు. రిసీవర్ ఎత్తగానే అది 6 నుంచి 12 వోల్టుల మధ్యకు పడిపోతుంది. రింగ్ వచ్చేటప్పుడు మాత్రం ఆ తీగల మీద 75 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది, చేత్తో ముట్టుకుంటే గట్టిగా కొడుతుంది. మీటరు ముళ్లు అమర్చాకే కాల్ చేయించండి.

ఇప్పుడు మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు కాల్ చేసి, రిసీవర్ ఎత్తి, మొబైల్‌లో కట్ చేయండి. ల్యాండ్‌లైన్ రిసీవర్ పెట్టకుండా మీటరునే చూడండి. అంకె మైనస్‌లోకి దూకితే పోలారిటీ రివర్సల్ ఉన్నట్టు. ఒక్కసారి సున్నాకు పడి లేస్తే కరెంట్ కట్ ఉన్నట్టు. టోన్ వినిపిస్తున్నా అంకె కదలకపోతే టోన్ ఒక్కటే దిక్కు.

చిన్న చిక్కు ఉంది. డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడు సార్లే చదువుతుంది. 0.2 సెకను కట్ దాని కళ్లబడకుండా పోవచ్చు. ముల్లు మీటరు ఉంటే అది వాడండి, ముల్లు ఉలిక్కిపడటం తెలుస్తుంది. కనిష్ఠ విలువను వేగంగా పట్టి ఉంచే మీటరైనా ఫర్వాలేదు. ఏదీ లేకపోతే చెవితో వినండి: కాల్ తెగిన క్షణంలో టక్‌మని శబ్దం, ఆ వెంటనే కాసేపు పూర్తి నిశ్శబ్దం వస్తే కట్ ఉండే అవకాశముంది. అడాప్టర్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసి చూడటమే తేల్చే మార్గం.

రాగి తీగా, ఫైబర్ మోడెమా

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ముందుకు వెళ్లొద్దు. రాగి జత ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా ఇంటికి వచ్చినప్పుడు టోన్ పుట్టేది ఎక్స్ఛేంజ్‌లో. ఫైబర్ కనెక్షన్‌లో ఫోను తగిలేది మోడెం వెనకున్న పోర్టుకు, టోన్ పుట్టేది ఆ మోడెంలోనే. నంబరు అదే, బిల్లు అదే. కానీ రాగి తీసి ఫైబర్ వేసిన రోజున మీ టోన్ మారిపోయి ఉండొచ్చు. నిన్నటిదాకా బాగా పనిచేసిన అడాప్టర్ ఉన్నట్టుండి లైన్ వదలడం మానేసిందంటే మొట్టమొదట అడగాల్సిన మాట: మధ్యలో మోడెం ఏమైనా మార్చారా?

మోడెంలో దేశం ఎంపిక సరిగ్గా ఉంటే మన టోన్లే ఇస్తుంది. ఫ్యాక్టరీలో పెట్టింది అలాగే వదిలేస్తే వేరే దేశం టోన్ ఇస్తుంది. ఫోను మాట్లాడేవాళ్లకు తేడా పట్టదు, కుయ్ కుయ్ అంటే ఎంగేజ్ అని అర్థమైపోతుంది. అడాప్టర్‌కు మాత్రం అది తెలియని భాష.

ఏ అంకెలు ఎదురుకావచ్చు

అంతర్జాతీయ పట్టికలో భారత్ టోన్లన్నిటికీ మూలం 400 హెర్ట్జ్. డయల్ టోన్ ఆగకుండా మోగుతుంది. అది 25 హెర్ట్జ్‌తో కలిసిన 400, అందుకే కాస్త గరగరలాడుతుంది. రింగ్ వెళ్తున్నప్పుడు మనకు వినిపించేది 0.4 సెకను మోత, 0.2 ఖాళీ, 0.4 మోత, 2 సెకన్ల ఖాళీ. ఎంగేజ్ టోన్ 0.75 మోత, 0.75 ఖాళీ. లైన్లు ఖాళీ లేవని చెప్పే కంజెషన్ టోన్ 0.25 మోత, 0.25 ఖాళీ. కాల్ తెగాక ఎక్స్ఛేంజ్ ఈ చివరి రెండింటిలో దేన్నైనా ఇవ్వవచ్చు. ఏది ఇస్తుందో ఊహించకండి, విని తేల్చుకోండి.

పోల్చుకోవడానికి పరాయి టోన్లు కూడా తెలిసి ఉండాలి. అమెరికా ఎంగేజ్ టోన్‌లో 480, 620 హెర్ట్జ్ రెండూ కలిసి మోగుతాయి, అర సెకను మోత, అర సెకను ఖాళీ. చైనాది 450 హెర్ట్జ్, 0.35 మోత, 0.35 ఖాళీ. జర్మనీ 425 హెర్ట్జ్, 0.48 చొప్పున. ఇబ్బంది పెట్టేవి మన టోన్‌ను సగం పోలినవి. బ్రిటన్ టోన్ కూడా 400 హెర్ట్జే కానీ 0.375 చొప్పున మోగుతుంది. సింగపూర్ టోన్ మనలాగే 0.75 చొప్పున మోగుతుంది, కాకపోతే 425 హెర్ట్జ్. ఈ రెండింటినీ చెవితో విని మన టోన్ నుంచి విడదీయడం ఎవరికైనా కష్టం. కొలవాలి అనేది ఇందుకే.

రికార్డింగ్

మొబైల్‌ను రిసీవర్ దగ్గర పెట్టి రికార్డు చేయడం అందరికీ ముందు తట్టే పద్ధతి. అందులో ఒక మోసం ఉంది. చాలా మొబైళ్ల రికార్డర్లు ఒకేలా సాగే మోతను ఫ్యాన్ గోలగా భావించి తగ్గించేస్తాయి. టోన్ మొదట గట్టిగా ఉండి, తర్వాత నీరుగారిపోయి, మోత నిడివి తప్పుగా కనిపిస్తుంది. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపగలిగితేనే ఆ దారి పట్టండి.

మేలైన మార్గం అడాప్టర్ చెవితోనే వినడం. లైన్‌ను అడాప్టర్‌కు తగిలించి, కాల్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌ఫోనుకు (ఫోనులా పనిచేసే ప్రోగ్రాముకు) వచ్చేలా పెట్టి, ఆ సాఫ్ట్‌ఫోనులో రికార్డు చేయండి. మైక్రోసిప్ లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో రికార్డింగ్ సౌకర్యం ఉంది. మొదలుపెట్టే ముందు సరిచూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కోడెక్, అంటే శబ్దాన్ని అంకెల్లోకి మార్చి పంపే పద్ధతి, జీ.711 ఏ-లా ఒక్కటే ఉంచండి. జీ.729 లాంటివి మాట కోసం పుట్టినవి, టోన్‌ను వంకర చేస్తాయి. సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దంగా ఉన్నప్పుడు శబ్దం పంపడం మానేసే ఆప్షన్) ఆపేయండి, లేకపోతే ఖాళీల దగ్గర కొలతలు చెడతాయి. కంప్యూటర్‌ను వైఫై మీద కాకుండా కేబుల్ మీద ఉంచండి, ప్యాకెట్లు పోతే మోత మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. అడాప్టర్‌లో తెగింపును పసిగట్టే ఆప్షన్లన్నీ తాత్కాలికంగా ఆపండి, లేకపోతే రికార్డింగ్ మధ్యలోనే లైన్ పెట్టేస్తుంది.

ఇక కాల్ చేయించి, ఎత్తి, పది సెకన్లు ఆగి, అవతలి వైపు కట్ చేయించండి. ఇవతల రెండు మూడు నిమిషాలు కదలకుండా రికార్డు కానివ్వండి. అంతసేపు ఎందుకంటే టోన్ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలని లేదు. కొన్ని చోట్ల ముందు కాసేపు నిశ్శబ్దం, ఆపై ఎంగేజ్ టోన్, ఆపై ఎక్స్ఛేంజ్ లైన్‌ను పక్కన పడేస్తే మళ్లీ నిశ్శబ్దం. కొన్ని చోట్ల ఎంగేజ్ టోన్ తర్వాత కంజెషన్ టోన్. మనకు కావలసింది మొదట వచ్చే టోన్.

ఒక్క రికార్డింగ్‌తో సరిపెట్టుకోవద్దు. మొబైల్ నుంచి వచ్చిన కాల్ మూడు సార్లు, ఇంకో ల్యాండ్‌లైన్ నుంచి వచ్చింది రెండు సార్లు, మీ లైన్ నుంచి బయటికి వెళ్లిన కాల్ రెండు సార్లు చేసి చూడండి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి, 2021 జనవరి 15 నుంచి దేశమంతటా అదే నియమం. అడాప్టర్ డయల్ ప్లాన్‌లో (ఏ నంబరును ఎలా కొట్టాలో చెప్పే గడిలో) ఆ సున్నా లేకపోతే మీకు వినిపించేది డిస్‌కనెక్ట్ టోన్ కాదు, తప్పు నంబరుకు వచ్చే ప్రకటన. దాన్నే కొలిచి కూర్చునే ప్రమాదం ఉంది.

వచ్చిన కాల్‌కూ వెళ్లిన కాల్‌కూ తేడా ఉంటుందని ముందే గుర్తుంచుకోండి. కాల్ చేసినవారు పెట్టేస్తే లైన్ వెంటనే విడిపోతుంది. మీరు వేరే ల్యాండ్‌లైన్‌కు చేసినప్పుడు అవతల ఎత్తినవారు పెట్టేస్తే, వాళ్లు మరో గదిలో ఫోను ఎత్తుతారేమోనని ఎక్స్ఛేంజ్ కొంతసేపు వేచి చూస్తుంది. టోన్ రావడానికి నిమిషం పైగా పట్టొచ్చు. ఇది లోపం కాదు, టెలిఫోను పాత అలవాటు. అడాప్టర్‌లో ఏ అంకె మార్చినా ఆ ఆలస్యం పోదు.

కొలత

రికార్డింగ్‌ను ఆడాసిటీ అనే ఉచిత శబ్ద ప్రోగ్రాములో తెరవండి. ముందుగా ట్రాక్స్ మెనూలోని రీశాంపిల్‌తో ట్రాక్ రేటు 8000 చేయండి, ఫోను శబ్దానికి అంతకు మించి అవసరం లేదు, పైగా ఫ్రీక్వెన్సీ చదవడం తేలికవుతుంది.

నిడివి కొలిచేటప్పుడు ఒక్క మోతను పట్టుకుని కొలవకండి. మోత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అంచుల్లో మసకగా ఉంటుంది, 20, 30 మిల్లీసెకన్లు తేలిగ్గా తప్పుతాం. ఒక మోత మొదలైన చోటు నుంచి పదో మోత తర్వాత వచ్చే మోత మొదలైన చోటు దాకా ఎంపిక చేసి మొత్తం నిడివి చూడండి. 15 సెకన్లు వస్తే ఒక చుట్టు (ఒక మోత, ఒక ఖాళీ కలిపి) 1.5, అంటే 0.75 చొప్పున. 5 సెకన్లు వస్తే 0.5, అంటే 0.25 చొప్పున. 7 సెకన్లు వస్తే 0.35 చొప్పున, మీ మోడెం చైనా టోన్ ఇస్తోందని అనుమానించాలి. చుట్టు నిడివి తేలాక మోత, ఖాళీ సమానంగా ఉన్నాయా అని ఒకటి రెండు చోట్ల దగ్గరగా చూస్తే చాలు.

ఫ్రీక్వెన్సీకి ఒక మోతను లోపలి వైపు నుంచి, అంటే రెండు అంచులూ వదిలి ఎంపిక చేసి, అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరవండి. సైజు 4096, ఫంక్షన్ హాన్ పెట్టండి. 8000ను 4096తో భాగిస్తే 1.95, అంటే సుమారు 2 హెర్ట్జ్ తేడాను కూడా చూడగలం. 400, 425 విడివిడిగా కనిపించడానికి అది కావలసినంత కంటే ఎక్కువే. అదే 44100 రేటుతో ఉంచి 4096 సైజు పెడితే 10.8 హెర్ట్జ్‌కు ఒక మెట్టు వస్తుంది, మొన ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం. సైజు 4096కి 0.512 సెకను శబ్దం కావాలి. 0.75 మోతలో అది దొరుకుతుంది. 0.25 మోతలో దొరకదు, సరిపడా ఎంపిక లేదని ప్రోగ్రామ్ మొరాయిస్తుంది. అప్పుడు సైజు 1024కి దించండి, మెట్టు 8 హెర్ట్జ్ అవుతుంది, మన పనికి అదీ చాలు.

గ్రాఫులో ఎత్తైన మొన మీద మౌస్ పెడితే అంకె చెబుతుంది. ఒకే మొన ఉంటే ఒకే ఫ్రీక్వెన్సీ. దాదాపు సమానమైన రెండు మొనలు 480, 620 దగ్గర ఉంటే అమెరికా టోన్. 375, 400, 425 దగ్గర మూడు మొనలు కనిపిస్తే ఆగి ఆలోచించండి. 25 హెర్ట్జ్ కలిసిన 400 అలాగే కనిపిస్తుంది, అది డయల్ టోనో రింగ్ టోనో కావచ్చు. మీరు ఎంపిక చేసిన భాగం సరైనదో కాదో మళ్లీ వినండి.

మీ కొలత మీద నమ్మకం కుదరాలంటే అదే ఆడాసిటీలో 400 హెర్ట్జ్ టోన్ ఒకటి పుట్టించి దాన్నీ అలాగే కొలవండి. అక్కడ 400 చూపించి, లైన్ రికార్డింగ్‌లో 425 చూపిస్తే లైన్‌లో ఉన్నది నిజంగా 425 అన్నట్టే.

అడాప్టర్‌లో రాయడం

లింక్‌సిస్ ఎస్‌పీఏ3102 అనే అడాప్టర్ తయారీ ఆగి చాలాకాలమైనా సెకండ్ హ్యాండ్‌లో ఇంకా చేతులు మారుతోంది. దాని టోన్ భాష కాస్త వింతగా ఉంటుంది కానీ ఒకసారి అర్థమైతే సుఖం. అడ్మిన్ లాగిన్, అడ్వాన్స్‌డ్ వ్యూలోకి వెళ్లి పీఎస్‌టీఎన్ (మామూలు టెలిఫోను నెట్‌వర్క్) లైన్ ట్యాబ్ తెరిచి, కిందికి జరిపితే పీఎస్‌టీఎన్ డిస్‌కనెక్ట్ డిటెక్షన్ అనే భాగం ఉంటుంది. డిస్‌కనెక్ట్ టోన్ గడిలో ఉండే ఫ్యాక్టరీ రాత ఇది:

480@-30,620@-30;4(.25/.25/1+2)

మన ఎంగేజ్ టోన్‌కు ఇలా మార్చాలి:

400@-30,400@-30;6(.75/.75/1+2)

కంజెషన్ టోన్ వస్తున్న లైన్ అయితే:

400@-30,400@-30;4(.25/.25/1+2)

మొదటి రెండు భాగాలు ఫ్రీక్వెన్సీలు. ఈ గడికి రెండు ఫ్రీక్వెన్సీలు తప్పనిసరి, కాబట్టి ఒకటే ఉన్నప్పుడు దాన్నే రెండుసార్లు రాయాలి. 400 ఒక్కసారి రాసి వదిలేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. మైనస్ 30 అనేది శబ్ద స్థాయి, ఈ గడి దాన్ని లెక్కలోకి తీసుకోదు, అలాగే ఉంచండి. సెమికోలన్ తర్వాతి అంకె, టోన్ కనీసం ఎన్ని సెకన్లు వినిపిస్తే తెగినట్టు అనుకోవాలో చెబుతుంది. 1.5 సెకన్ల చుట్టుకు 6 అంటే సరిగ్గా నాలుగు చుట్లు. 4 పెట్టినా పనిచేస్తుంది, కానీ మూడు చుట్లు కూడా పూర్తికాకముందే నిర్ణయం జరిగిపోతుంది. ఆ రెండు సెకన్లు అదనంగా ఆగడం వల్ల నష్టమేమీ లేదు. బ్రాకెట్లో మోత, ఖాళీ, ఆపై 1+2 అంటే రెండు ఫ్రీక్వెన్సీలూ ఆ మోతలో ఉంటాయని.

ఈ అడాప్టర్ నిడివిలో పది శాతం తేడానే సహిస్తుంది. .75 రాస్తే 0.675 నుంచి 0.825 దాకా ఒప్పుకుంటుంది. .25 రాస్తే 0.225 నుంచి 0.275 దాకా. మీ కొలతలో 0.70 వస్తే .75 రాసినా దొరుకుతుంది కానీ అంచుకు దగ్గరగా ఉన్నారు, .70 అనే రాయండి. పట్టికకు కట్టుబడాల్సిన అవసరం లేదు.

పక్కనే డిటెక్ట్ డిస్‌కనెక్ట్ టోన్ అవును అని ఉండాలి. మీటరులో కరెంట్ కట్ కనిపించి ఉంటే డిటెక్ట్ సీపీసీ అవును, కనీస నిడివి 0.2. పోలారిటీ మారడం కనిపించి ఉంటే దాన్నీ ఆన్ చేయండి. కనిపించకపోతే ఆ రెండూ ఆపేయడమే మంచిది, కారణం కింద చెబుతాం.

గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ503, హెచ్‌టీ813 అడాప్టర్లలో ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్ట్ పేజీలో పీఎస్‌టీఎన్ డిస్‌కనెక్ట్ టోన్ గడి ఉంటుంది. అందులో అక్షరాలు, గుర్తులు ఉన్నవి ఉన్నట్టు వదిలేసి అంకెలు మాత్రమే మార్చండి. 480, 620 ఉన్న చోట్ల రెండింటా 400. మోత, ఖాళీల అంకెలు ఇక్కడ మిల్లీసెకన్లలో ఉంటాయి కాబట్టి 750/750 లేదా 250/250. ఇందులో .75 అని రాస్తే అడాప్టర్‌కు అర్థం కాదు. చివరనున్న సెమికోలన్ చెరిగిపోకుండా చూసుకోండి. టోన్ డిస్‌కనెక్ట్‌ను ఆన్ చేసే ఆప్షన్ విడిగా ఉంటుంది, అది మరిచిపోయి టోన్ అంకెలతో కుస్తీ పట్టేవాళ్లు ఎక్కువ.

అడాప్టర్ బదులు కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ అనే ఉచిత ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాము, ల్యాండ్‌లైన్ తగిలించే అనలాగ్ కార్డు పెట్టుకున్నవాళ్లకు పని ఇంకో చోట. ఆ కార్డును నడిపే దాడీ అనే డ్రైవర్ సెట్టింగుల్లో జోన్ భారత్‌కు మార్చాలి, ఛానెల్ ఫైల్‌లో బిజీడిటెక్ట్ ఆన్ చేసి, బిజీకౌంట్ 4 పెట్టి, బిజీప్యాటర్న్ దగ్గర 750,750 అని మీరు కొలిచిన అంకెలు రాయాలి. ప్యాటర్న్ రాయకుండా బిజీడిటెక్ట్ ఒక్కటే ఆన్ చేస్తే సమానంగా మోగి ఆగే ఏ శబ్దాన్నైనా అది ఎంగేజ్ అనుకునే ప్రమాదముంది.

పనిచేయకపోతే

టోన్ స్పష్టంగా మోగుతున్నా అడాప్టర్ పట్టుకోకపోతే మొదట స్థాయి చూడండి. రికార్డింగ్‌లో మాట గట్టిగా, టోన్ మరీ సన్నగా ఉందంటే లైన్ నుంచి అడాప్టర్‌కు వచ్చే గెయిన్‌ను (శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే అంకెను) 2, 3 డెసిబెల్ చొప్పున పెంచండి. ఒక్కసారిగా పెంచితే మాటల్లో ఎకో మొదలవుతుంది. పోర్టు ఇంపిడెన్స్ 600 ఓమ్‌లతో మొదలుపెట్టండి, ఎకో ఉంటే మిగతావి ఒక్కొక్కటే ప్రయత్నించండి. రాగి లైన్ మీద ఏడీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే ఫోను, బ్రాడ్‌బ్యాండ్‌లను విడదీసే స్ప్లిట్టర్‌లో ఫోను వైపు నుంచే అడాప్టర్‌కు తీగ వెళ్లాలి. నేరుగా తగిలిస్తే బుసలాంటి గోల టోన్ మీద పడుతుంది.

విశాఖలో మరో శత్రువు ఉప్పుగాలి. ఆర్కే బీచ్, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి వైపు ఇళ్లలో రోజెట్ బాక్సు తెరిస్తే స్క్రూల మీద పచ్చటి చిలుము కనిపించడం మామూలే. అది మాటను పాడుచేసేంత ఉండకపోవచ్చు. కానీ చిటపటలు టోన్ మధ్య ఖాళీల్లో పడితే అక్కడ ఖాళీ లేదని అడాప్టర్ భావిస్తుంది, నిడివి లెక్క తప్పుతుంది. పైగా తుప్పు పట్టిన అతుకు క్షణం పాటు వదిలేస్తే కరెంట్ ఆగినట్టే లెక్క, సీపీసీ ఆన్ చేసి ఉంటే మాట్లాడుతుండగానే కాల్ తెగిపోతుంది. లైన్‌లో నిజంగా కరెంట్ కట్ సిగ్నల్ లేనప్పుడు ఆ ఆప్షన్ ఆపమన్నది ఇందుకే. పాత రోజెట్ తీసి కొత్తది వేయండి, తీగ చివర అరంగుళం కత్తిరించి కొత్త రాగి బయటికి తీయండి, బయటి అతుకులకు జెల్ నింపిన కనెక్టర్లు వాడండి. ప్లగ్గు పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వీధిలో అందరి లైన్లూ చేరే డీపీ బాక్సు మీ పని కాదు, లైన్‌మ్యాన్‌ను పిలవండి.

మాట్లాడుతుండగా కాల్ తెగిపోతుంటే కారణం టోనా, కరెంటా అన్నది ముందు తేల్చాలి. ఎస్‌పీఏ3102 ఇన్ఫో పేజీలో చివరి డిస్‌కనెక్ట్‌కు కారణం రాసి ఉంటుంది, లైన్ వోల్టేజీ, లూప్ కరెంటు కూడా అక్కడే కనిపిస్తాయి. కాల్ తెగిన వెంటనే ఆ పేజీ చూడండి, ఇంకో కాల్ వస్తే ఆ సమాచారం మారిపోతుంది. కారణం టోన్ అయితే సెకన్లు 6 నుంచి 9కి పెంచండి. పోలారిటీ అయితే, మీ లైన్‌లో అవతలివారు ఎత్తగానే పోలారిటీ మారుతుందేమో మీటరుతో చూడండి. వెళ్లే కాల్స్‌లో మొదటి మార్పు ఎత్తినట్టు, రెండోది పెట్టేసినట్టు. ఆ తేడా పట్టించుకోని అడాప్టర్ అవతల "హలో" అనగానే కాల్ కట్ చేస్తుంది.

టోన్ బదులు రికార్డు చేసిన ప్రకటన వచ్చే సందర్భాలు, లేదా కాస్త టోన్ వచ్చి నిశ్శబ్దమయ్యే లైన్లు ఉంటాయి. వాటికి వెనక ఇంకో కాపలా పెట్టాలి. లాంగ్ సైలెన్స్ డిటెక్షన్ ఆన్ చేసి 30 సెకన్ల బదులు 60 నుంచి 90 పెట్టండి. 30 ఉంచితే అవతలివారు కాగితాలు వెతుక్కునే లోపే కాల్ పోతుంది. అది కూడా పనిచేయని చోట, వాయిస్ మెయిల్ సందేశానికి 3 నిమిషాలు, మొత్తం కాల్‌కు రెండు గంటలు అని హద్దు పెడితే లైన్ రోజంతా చిక్కుకుపోదు.

ఫైబర్ మోడెం పరాయి టోన్ ఇస్తుంటే రెండు దారులు. కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడిగి వాయిస్ సెట్టింగుల్లో దేశం మార్పించడం ఒకటి. అడిగేటప్పుడే, కాల్ ముగిశాక కరెంట్ కట్ గానీ పోలారిటీ రివర్సల్ గానీ ఇవ్వగలరా అని కూడా అడగండి. చాలా మోడెంలలో ఆ సౌకర్యం ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి ఆన్ చేయరు. వాళ్లు కుదరదంటే మోడెం ఇచ్చే టోన్‌నే కొలిచి రాసుకోండి. 450 హెర్ట్జ్, 0.35 వచ్చిందనుకుంటే గడిలో ఇలా ఉండాలి:

450@-30,450@-30;4(.35/.35/1+2)

మీ సొంత లైన్‌ను మీ ఆఫీసులోని ఫోన్లకు కలుపుకోవడం వరకే ఈ పద్ధతి. బయటివాళ్ల కాల్స్, ముఖ్యంగా విదేశీ కాల్స్ ఇంటర్నెట్ మీద తెచ్చి ల్యాండ్‌లైన్ ద్వారా దించడానికి లైసెన్సు కావాలి. లేకుండా చేస్తే కేసు అవుతుంది.

చివరి పరీక్ష

అంకెలు రాసి సేవ్ చేశాక అడాప్టర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ఆ తర్వాత మొబైల్ నుంచి కాల్ చేసి, ఎత్తి, కట్ చేసి, గడియారం చూడండి. ఎంగేజ్ టోన్‌కు 6 సెకన్లు రాస్తే టోన్ మొదలైన 7, 8 సెకన్లలో లైన్ దీపం ఆరాలి. వరుసగా పదిసార్లు చేయండి. ఎనిమిది సార్లు పనిచేసి రెండుసార్లు తప్పితే సరిపెట్టుకోకండి, కొలత అంచున ఉందని అర్థం, మళ్లీ పది చుట్లు కొలవండి. ఇక ఇరవై నిమిషాల సుదీర్ఘ సంభాషణ ఒకటి జరపండి, మధ్యలో ఒకరిని హోల్డ్‌లో పెట్టండి. అప్పుడు కూడా తెగకుండా ఉండాలి.

పని పూర్తయ్యాక ఆ టోన్ రాతను, కొలిచిన తేదీని, లైన్ రాగిదో ఫైబరో ఒక చీటీ మీద రాసి అడాప్టర్ అడుగున అంటించండి. మోడెం మార్చడానికి వచ్చినవారు వెళ్లిన రోజునే ఆ చీటీ చూసి మళ్లీ ఒక్క రికార్డింగ్ చేసుకోండి.